సిస్‌ప్లాటిన్‌తో దెబ్బతిన్న కిడ్నీలు, లెక్కలోకి రాని మూలికా పొడి: ఒక కేసు పరిశీలన

నేపథ్యం

క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారి కుటుంబాలు కిడ్నీ విభాగానికి వచ్చినప్పుడు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. మందుల వల్ల కిడ్నీలకు జరిగే హానిని పసుపులోనో, నల్లజీలకర్రలోనో, మరో మొక్కలోనో ఉన్న పదార్థంతో ఆపలేమా అని వారు అడుగుతారు. దీన్ని తోసిపుచ్చడానికి వీల్లేదు. పసుపులోని కర్క్యుమిన్, నల్లజీలకర్రలోని థైమోక్వినోన్, ఇతర మొక్కల్లోని సిలిమరిన్, క్వెర్సెటిన్, రెస్వెరట్రాల్ వంటి పదార్థాలపై జంతు ప్రయోగాల పత్రాలు లెక్కకు మిక్కిలిగా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం సానుకూల ఫలితాలనే చూపుతాయి. ఇక్కడ రాస్తున్న కేసులో ఆ ప్రశ్నకు సమాధానం ఒక్కొక్క నిర్ణయం దగ్గర ఒక్కో రూపంలో ఎదురైంది. రోగిని గుర్తుపట్టగల వివరాలు తొలగించాను, వైద్య తర్కానికి అవసరమైనవి మాత్రం ఉంచాను.

రోగి యాభై దాటిన పురుషుడు. నోటి క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగింది. కోసి తీసిన భాగం అంచుల్లో క్యాన్సర్ కణాలు కనిపించడంతో రేడియేషన్‌తో పాటు మూడు వారాలకొకసారి శరీర ఉపరితలంలో చదరపు మీటరుకు 100 మి.గ్రా. చొప్పున సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇవ్వాలని క్యాన్సర్ వైద్యులు నిర్ణయించారు. చికిత్సకు ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే పదార్థం) 0.8, బరువు 58 కిలోలు, మెగ్నీషియం, పొటాషియం మామూలుగా ఉన్నాయి. బీపీకి గాని, షుగరుకు గాని అంతకు ముందు ఎప్పుడూ మందులు వాడలేదు.

సిస్‌ప్లాటిన్ కిడ్నీని ఎక్కడ దెబ్బతీస్తుందో తెలిస్తే తర్వాతి నిర్ణయాలు అర్థమవుతాయి. రక్తంలోంచి ఈ మందును కిడ్నీ నాళికల తొలి భాగంలోని కణాలు, ముఖ్యంగా ఓసీటీ-2 అనే రవాణా ప్రోటీను సాయంతో, లోపలికి లాక్కుంటాయి. రక్తంలో ఉన్న దానికంటే అనేక రెట్లు ఎక్కువ మందు ఆ కణాల్లో పేరుకుంటుంది. అక్కడ మైటోకాండ్రియా దెబ్బతింటాయి, ఆక్సీకరణ ఒత్తిడి పెరుగుతుంది, వాపు మొదలవుతుంది, కణాలు చనిపోతాయి. నాళికలు దెబ్బతినడంతో మెగ్నీషియం మూత్రంలో పోతుంది, ఒక్కోసారి ఆ నష్టం నెలల తరబడి సాగుతుంది. ఈ మందు వచ్చిన తొలి రోజుల్లో, 1970లలో, కిడ్నీ హాని కారణంగానే దీన్ని దాదాపు వదిలేసే పరిస్థితి ఏర్పడింది. మందుకు ముందూ వెనుకా సెలైన్ ధారాళంగా ఎక్కించడం మొదలుపెట్టాకే అది వాడుకలో నిలిచింది.

రోగి వచ్చినప్పటి స్థితి

మొదటి డోసు తర్వాత రెండో వారంలో ఆయన మా వద్దకు వచ్చారు. వాంతులు తగ్గలేదు, రేడియేషన్ వల్ల నోరంతా పూసి గుక్కెడు నీళ్లు మింగడం కూడా కష్టంగా ఉంది. నొప్పి తట్టుకోలేక రోజుకు మూడు పూటలా ఐబుప్రొఫెన్ వేసుకుంటున్నారు. కడుపు మంటకు పాంటోప్రజోల్ వాడుతున్నారు. క్రియాటినిన్ 1.9, పొటాషియం 3.1, మెగ్నీషియం 1.1, ఈ రెండూ తక్కువే. బీపీ 116/74, నిలబడితే మరికాస్త పడిపోతోంది. మూత్రాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే నాళికల కణాలు రాలినట్టు చెప్పే గోధుమరంగు కాస్టులు (నాళికల ఆకారంలో గడ్డకట్టిన ముక్కలు) కనిపించాయి. ప్రోటీను దాదాపుగా లేదు, స్కానింగులో కిడ్నీల పరిమాణం మామూలుగానే ఉంది, మూత్రం ఎక్కడా అడ్డుపడలేదు.

ఒకేసారి మూడు కారణాలు కలిసి పనిచేస్తున్నట్టు అనిపించింది. సిస్‌ప్లాటిన్ నాళికలను దెబ్బతీసింది. నీరు చాలక కిడ్నీకి రక్తప్రసరణ తగ్గింది. ఆ తగ్గిన ప్రసరణను నిలబెట్టే ప్రోస్టాగ్లాండిన్లను ఐబుప్రొఫెన్ అడ్డుకుంది. పాంటోప్రజోల్ వంటి మందులు కూడా పేగుల్లో మెగ్నీషియం శోషణను తగ్గిస్తాయి కనుక దానిపైనా అనుమానం పడింది.

వాడుతున్న మందులన్నీ చూపించమని అడిగినప్పుడు ఆయన కుమార్తె కొంత తటపటాయించి ఒక సంచి తెరిచారు. అందులో పైపరిన్ కలిపిన కర్క్యుమిన్ క్యాప్సూళ్లు, సిలిమరిన్ మాత్రలు ఉన్నాయి. కీమో మొదలుకావడానికి వారం ముందు నుంచే ఇస్తున్నారు. అంతకు ముందు మరోచోట చూపించినప్పుడు "మూలికలన్నీ మానేయండి" అని ఒక్క మాటతో పంపించేశారట. కారణం చెప్పకపోవడంతో మానకుండా, చెప్పకుండా ఇస్తూ వచ్చారు. ఆమె దగ్గర అచ్చు తీసుకున్న పరిశోధన పత్రాల కట్ట కూడా ఉంది, ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీసి ఉన్నాయి. "డాక్టరు గారూ, ఇవి ఇచ్చిన ఎలుకల కిడ్నీలు బాగున్నాయని ఇందులో రాశారు కదా. మరి మా నాన్నకు ఎందుకు వద్దు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు పూర్తి సమాధానం ఇవ్వకుండా ఆమె సహకారం పొందడం సాధ్యం కాదని అనిపించింది.

ఆ పత్రాలను కలిసి చదివినప్పుడు

సిస్‌ప్లాటిన్ హానిపై ఎలుకల ప్రయోగం సాధారణంగా ఎలా జరుగుతుందో ముందుగా ఆమెకు చూపించాను. వయసులో ఉన్న, ఆరోగ్యంగా ఉన్న ఎలుకలకు కిలోకు 5 నుంచి 7 మి.గ్రా. సిస్‌ప్లాటిన్ ఒకేసారి కడుపులోకి సూదితో ఇస్తారు. పరీక్షించదలచిన మొక్క పదార్థాన్ని చాలాసార్లు కొన్ని రోజుల ముందు నుంచే ఇస్తారు. కొద్ది రోజులకే వాటిని చంపి కిడ్నీలు పరిశీలిస్తారు. ఆ ఎలుకలకు అధిక శాతం ప్రయోగాల్లో క్యాన్సర్ ఉండదు. మన రోగికి శరీరంలో క్యాన్సర్ కణాలు మిగిలి ఉండవచ్చు. ఆయన తినలేకపోతున్నారు, నొప్పి మందులు వాడుతున్నారు, మందు డోసు మళ్లీ మళ్లీ పడాల్సి ఉంది. హాని ఇప్పటికే మొదలైపోయింది కూడా.

రెండో విషయం, మింగినది కిడ్నీ దాకా చేరుతుందా అన్నది. కర్క్యుమిన్ నీటిలో కరగదు. పేగులోనూ కాలేయంలోనూ త్వరగా రూపం మారిపోతుంది. గ్రాముల కొద్దీ మింగినా రక్తంలో అసలు కర్క్యుమిన్ అతి స్వల్పంగానే కనిపిస్తుంది. గాజుపాత్రలోని కణాలపై పనిచేసిన మోతాదు మనిషి కిడ్నీలో ఏర్పడుతుందని అనుకోవడానికి ఆధారం లేదు. ఈ లోటును పూడ్చడానికే మిరియాల్లోని పైపరిన్‌ను కలుపుతారు. అది కర్క్యుమిన్ శోషణను మనుషుల్లో దాదాపు 20 రెట్లు పెంచినట్టు 1998లో ఒక అధ్యయనం చూపింది. అయితే పైపరిన్ ఆ పని చేసేది శరీరం మందులను వదిలించుకునే ఎంజైములను, రవాణా ప్రోటీన్లను అడ్డుకోవడం ద్వారానే. అదే అడ్డు వాంతుల మందులకూ నొప్పి మందులకూ తగలవచ్చు. పైపరిన్ కలిపిన పసుపు క్యాప్సూళ్లతో కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా నమోదయ్యాయి. మన రోగి కాలేయ ఎంజైములు అప్పటికే మామూలు స్థాయికి రెట్టింపు ఉన్నాయి.

మూడోది మనుషులపై జరిగిన పరీక్షలు. కెనడాలో పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బుకు ఆపరేషన్ చేయించుకున్న 606 మందిలో, ఆపరేషన్ చుట్టూ నాలుగు రోజుల పాటు కర్క్యుమిన్ ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. కిడ్నీలకు రక్షణ దొరకకపోగా, హఠాత్తుగా కిడ్నీ దెబ్బతినడం కర్క్యుమిన్ తీసుకున్నవారిలో 17 శాతం, డమ్మీ మందు తీసుకున్నవారిలో 10 శాతంగా తేలింది. అది సిస్‌ప్లాటిన్ పరీక్ష కాదన్నది నిజమే. కానీ జంతువుల్లో బలంగా కనిపించిన రక్షణ మనుషుల్లో తలకిందులు కావచ్చని చెప్పడానికి అది చాలు. సిలిమరిన్‌ను నేరుగా సిస్‌ప్లాటిన్ రోగుల్లోనే పరీక్షించిన ఒక చిన్న అధ్యయనం 2015లో వెలువడింది, అందులోనూ లాభం కనిపించలేదు. దీనికి తోడు, పసుపును సప్లిమెంట్ మోతాదులో తీసుకుంటే మూత్రంలో ఆక్సలేట్ పెరుగుతుంది. నీరు తాగలేని మనిషి కిడ్నీలో ఆక్సలేట్ పెరగడం మంచిది కాదు.

ఇక నాలుగోది ఆమె ఊహించనిది. సిస్‌ప్లాటిన్ క్యాన్సర్ కణాన్ని చంపే క్రమంలోనూ ఆక్సీకరణ ఒత్తిడికి కొంత పాత్ర ఉంది. కిడ్నీ కణాన్ని కాపాడే పదార్థం క్యాన్సర్ కణాన్ని కూడా కాపాడదని ఎవరైనా ముందుగా చూపించాలి. రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకున్న స్త్రీలను గమనించిన ఒక అధ్యయనం 2020లో వచ్చింది. చికిత్సకు ముందూ చికిత్స సమయంలోనూ యాంటీఆక్సిడెంట్ సప్లిమెంట్లు వాడినవారిలో క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువగా ఉండే ధోరణి అందులో కనిపించింది. గమనించిన అధ్యయనం కనుక అది రుజువు కాదు, హెచ్చరిక మాత్రమే. అయినా పూర్తిగా నయం చేయాలన్న ఉద్దేశంతో ఇస్తున్న చికిత్సలో అలాంటి సందేహాన్ని మోయడానికి నేను సిద్ధంగా లేను.

ఇదంతా చెప్పాక ఆ క్యాప్సూళ్లు ఆపడానికి ఆమె ఒప్పుకున్నారు. మొక్కలోంచి వచ్చింది కాబట్టి అది పనిచేయదని ఆమెకు చెప్పలేదు. ఇదే వార్డులో ఇస్తున్న పాక్లిటాక్సెల్, విన్‌క్రిస్టిన్ మొక్కల నుంచే వచ్చాయి. వాటికి మోతాదు, సమయం, ఎవరికి ఇవ్వకూడదు అన్న లెక్క ఉంది. ఈ క్యాప్సూళ్లకు ఈ రోగంలో ఆ లెక్క ఇంకా తయారు కాలేదు.

మొదటి ప్రయత్నం, అది ఆగిపోయిన చోటు

ఐబుప్రొఫెన్ ఆపి నొప్పికి పారాసిటమాల్, తక్కువ మోతాదులో ఓపియాయిడ్ ద్రవం ఇచ్చాం. పాంటోప్రజోల్ బదులు ఫామోటిడిన్‌ను కిడ్నీకి తగ్గట్టు మోతాదు తగ్గించి రాశాం. సెలైన్‌లో మెగ్నీషియం, పొటాషియం కలిపి ఎక్కించాం. నోటితో నీళ్లు తాగించే ప్రయత్నం నోటిపూత వల్ల సాగకపోవడంతో ముక్కు ద్వారా గొట్టం వేశాం.

క్రియాటినిన్ 1.4 దాకా దిగి అక్కడ నిలిచింది. నన్ను కలవరపెట్టింది అది కాదు. దెబ్బతిన్న నాళికలు కోలుకోవడానికి సమయం పడుతుంది. మెగ్నీషియం 1.7కు చేరాక కూడా పొటాషియం మాత్రం 2.9 దగ్గరే కదలకుండా ఉంది. మెగ్నీషియం తక్కువగా ఉన్నంతకాలం కిడ్నీలోని పొటాషియం ద్వారాలు తెరుచుకునే ఉంటాయి కనుక, పొటాషియం ఎంత ఇచ్చినా నిలవదు. అందుకే ముందు మెగ్నీషియం సరిచేస్తాం. ఇక్కడ అది సరయ్యాకా పొటాషియం నిలవలేదు. పైగా రక్తం క్షారత్వాన్ని చెప్పే బైకార్బొనేట్ 33కు ఎక్కింది, బీపీ 164/98 అయింది. వాంతుల మందు ఆన్‌డాన్‌సెట్రాన్ గుండె లయపై ప్రభావం చూపగలదు కాబట్టి ఈ పొటాషియంతో ఆయన్ని వదిలేయడం ప్రమాదం.

సిస్‌ప్లాటిన్ హాని పొటాషియం తగ్గడాన్ని వివరిస్తుంది, బీపీ పెరగడాన్ని వివరించదు. వాంతులు పొటాషియం తగ్గడాన్ని, బైకార్బొనేట్ పెరగడాన్ని రెండింటినీ వివరిస్తాయి, కానీ వాంతులతో నీరు కోల్పోయిన మనిషి బీపీ పడిపోవాలి తప్ప పెరగకూడదు. వాంతులు తగ్గడానికి ఇస్తున్న డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌కు ఉప్పును నిలిపే గుణం బహు స్వల్పం. సెలైన్ ఎక్కువై బీపీ పెరిగిందా అంటే కాళ్లకు వాపు లేదు, ఊపిరితిత్తుల్లో నీటి చప్పుడు లేదు. ఉప్పు నిలవడం, పొటాషియం పోవడం, క్షారత్వం పెరగడం, ఈ మూడూ కలిస్తే ఉప్పును నిలిపే హార్మోను ఆల్డోస్టిరాన్ గాని, దానిలా పనిచేసేది మరొకటి గాని ఉండి తీరాలి.

కారణం దొరికిన తీరు

గొట్టం ద్వారా ఆహారం ఇచ్చే సిరంజి అడుగున గోధుమరంగు మడ్డి మిగులుతోందని రాత్రి డ్యూటీ నర్సు చెప్పారు. మేము రాసిచ్చిన ఆహారంలో ఆ రంగు పదార్థమేదీ లేదు. సిరంజి చూస్తే సన్నని పీచులాంటి పొడి గోడలకు అంటుకుని ఉంది, తియ్యటి వాసన వస్తోంది. కుమార్తెను అడిగితే ఆమె ఏమీ దాచలేదు. "అది మందు కాదు కదండీ, పాలలో కలిపి రాత్రి పూట ఇచ్చే పొడి" అన్నారు. క్యాప్సూళ్లను ఆమె మందుల సంచిలో పెట్టారు, పొడిని వంట సామానులో పెట్టారు. అందుకే మేము అడిగినప్పుడు అది లెక్కలోకి రాలేదు. ప్యాకెట్ తెప్పించి చూస్తే ఏడు మూలికల పేర్లున్నాయి, పాళ్లు లేవు. మొదటి పేరు అతిమధురం.

అతిమధురంలోని గ్లైసిర్రైజిన్ పేగుల్లో గ్లైసిర్రెటినిక్ ఆమ్లంగా మారుతుంది. కిడ్నీలో కార్టిసాల్ అనే హార్మోనును నిర్వీర్యం చేసే ఎంజైమును అది అడ్డుకుంటుంది. అప్పుడు శరీరంలో సహజంగా ఉండే కార్టిసాలే ఆల్డోస్టిరాన్ గ్రాహకాన్ని పట్టుకుని ఉప్పును నిలుపుతుంది, పొటాషియంను బయటికి పంపుతుంది. ఆయన వచ్చిన రోజున నీరు చాలక బీపీ తక్కువగా ఉండటంతో ఈ ప్రభావం కనిపించలేదు. సెలైన్‌తో నీటి లోటు తీరగానే బయటపడింది. ఎలుకల్లో సిస్‌ప్లాటిన్ హానిని తగ్గించినట్టు పత్రాలున్న మొక్క పదార్థాల్లో ఇదీ ఒకటి. ఆ పత్రాల్లో కొలిచింది యూరియా, క్రియాటినిన్, కణజాలంలో మార్పులు. పొటాషియంను బయటికి నెట్టే పదార్థాన్ని అప్పటికే పొటాషియం కోల్పోతున్న మనిషికి ఇస్తే ఏమవుతుందన్నది వాటి ప్రశ్న కాదు.

రక్తంలో రెనిన్ (ఆల్డోస్టిరాన్ విడుదలకు దారితీసేది), ఆల్డోస్టిరాన్ రెండూ తక్కువగా వచ్చాయి. సెలైన్ ఎక్కించినా ఆ రెండూ తగ్గుతాయి కనుక దీన్నొక్కదాన్నే రుజువుగా తీసుకోలేదు. పొడి ఆపి చూడటమే అసలైన పరీక్ష. ఆ వ్యవధిలో ఆల్డోస్టిరాన్ గ్రాహకాన్ని అడ్డుకునే స్పిరనోలాక్టోన్ ఇవ్వాలా అన్న చర్చ జరిగింది. దానితో పొటాషియం త్వరగా పెరుగుతుంది, కానీ క్రియాటినిన్ 1.4 ఉన్న మనిషిలో కారణం తొలగిపోతున్నప్పుడే ఆ మందు తోడైతే పొటాషియం అవతలి వైపుకు దాటిపోవచ్చు. గొట్టం ద్వారా పొటాషియం క్లోరైడ్ ఇస్తూ, రోజూ రక్తం చూస్తూ, ఈసీజీ గమనిస్తూ వేచి ఉండటానికే మొగ్గాం. ఎంజైము కోలుకోవడానికి రెండు వారాల దాకా పట్టవచ్చని ముందే కుటుంబానికి చెప్పాం. వారం తిరిగేసరికి పొటాషియం 3.6, బీపీ 138/86. ఆ తర్వాత అదనంగా పొటాషియం ఇవ్వాల్సిన అవసరం రాలేదు, బీపీ మందు లేకుండానే మామూలుకు వచ్చింది.

ఆ పొడిలో పేరు రాయనివి ఇంకేమైనా ఉన్నాయా అన్నది కూడా ఆలోచించాల్సి వచ్చింది. 1990ల తొలినాళ్లలో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే మాత్రల్లో ఒక మొక్కకు బదులు అరిస్టోలోకియా జాతి మొక్క కలిసి, వంద మందికి పైగా కిడ్నీలు పాడైన సంగతి మా విభాగాల్లో అందరికీ తెలిసినదే. తర్వాత వారిలో కొందరికి మూత్రనాళాల క్యాన్సర్ కూడా వచ్చింది. మన రోగి మూత్రంలో గాని, కిడ్నీ కోలుకుంటున్న తీరులో గాని అలాంటి సూచన కనబడలేదు. అందుకే బయాప్సీ దాకా వెళ్లలేదు.

మిగిలిన కీమో సంగతి

క్రియాటినిన్ 1.1కు వచ్చింది. మళ్లీ 100 మి.గ్రా. డోసు ఇస్తే నాళికలు తట్టుకోవని అనిపించింది. సిస్‌ప్లాటిన్ పూర్తిగా ఆపేస్తే క్యాన్సర్ చికిత్స బలహీనపడుతుంది. మొత్తం మీద చదరపు మీటరుకు 200 మి.గ్రా. చేరితే చాలన్నది క్యాన్సర్ వైద్యుల లక్ష్యం. శస్త్రచికిత్స తర్వాత ఎక్కువ ప్రమాదం ఉన్న తల, మెడ క్యాన్సర్ రోగుల్లో వారానికి 40 మి.గ్రా. చొప్పున ఇచ్చే పద్ధతి మూడు వారాలకొకసారి 100 మి.గ్రా. ఇచ్చే పద్ధతికి తీసిపోదని జపాన్‌లో జరిగిన జేసీఓజీ 1008 పరీక్ష 2022లో చూపింది. మన రోగి సరిగ్గా ఆ కోవలోకే వస్తారు. మిగిలిన రేడియేషన్ వారాల్లో 40 చొప్పున మూడు డోసులు ఇస్తే మొత్తం 220 అవుతుంది. ప్రతి డోసుకు ముందూ తర్వాతా మెగ్నీషియం కలిపిన సెలైన్, గొట్టం ద్వారా లెక్కగట్టిన నీరు, డోసుకు ముందురోజు రక్తపరీక్ష, క్రియాటినిన్ 1.4 దాటితే ఆ వారం డోసు వాయిదా, ఇదీ ఒప్పందం. మూడు డోసులూ పడ్డాయి. క్రియాటినిన్ ఒక్కసారి 1.3కు వెళ్లి తిరిగి దిగింది. సిస్‌ప్లాటిన్ కిడ్నీ హానిని తగ్గించేవాటిలో మనుషుల్లో ఎక్కువ ఆధారం ఉన్నవి ఉప్పునీరు, మెగ్నీషియం. కుమార్తెకు ఇది మొదట నిరాశ కలిగించింది. తర్వాత గొట్టంలో పోసిన ప్రతి గ్లాసు నీటినీ ఒక పుస్తకంలో రాసిపెట్టింది ఆమే, వార్డు లెక్కల కంటే ఆమె లెక్కలు నమ్మకంగా ఉండేవి.

పాఠాలు

ఈ కేసు తర్వాత మా ప్రశ్నావళిలో "ఏ మందులు వాడుతున్నారు" అన్న ప్రశ్నను విడగొట్టాం. మింగేవి, పాలలోనో నీళ్లలోనో కలిపేవి, కషాయాలు, పొడులు, బలానికని ఇచ్చేవి అని వేర్వేరుగా అడుగుతాం. ప్యాకెట్లు తెచ్చి చూపమంటాం. మానమని చెప్పే ముందు కారణం చెబుతాం, ఎందుకంటే కారణం చెప్పని నిషేధం రోగిని మందు నుంచి కాక వైద్యుడి నుంచి దూరం చేస్తుంది. లెక్కకు అందని పొటాషియం, బీపీ కనిపించినప్పుడు అతిమధురం గురించి పేరు పెట్టి అడుగుతాం. కుటుంబం తెచ్చిన పత్రంలో నాలుగు విషయాలు వెతుకుతాం: పరీక్షించింది జంతువులోనా మనిషిలోనా, పదార్థం హానికి ముందు ఇచ్చారా తర్వాతా, ఎలుకకు ఇచ్చిన మోతాదు మనిషి రక్తంలో సాధ్యమా, కణితి ఉన్న జంతువులో చూశారా. చివరిదానికి జవాబు లేని పత్రం ఎంత బాగున్నా, కీమో నడుస్తున్న రోగి విషయంలో నాకు పనికిరాదు. మనుషులపై సరైన పరీక్షలు జరగాలని మాత్రం గట్టిగా కోరుకుంటాను. కిడ్నీలోకి సిస్‌ప్లాటిన్ చేరకుండా ఆపుతూ కణితిని వదిలేసే పదార్థం మొక్కల్లో దొరికితే, దాన్ని మొదట వాడాలనుకునే వారిలో నేనూ ఉంటాను.

ఇంకొక విషయం దాదాపు మా కళ్లుగప్పేది. చికిత్స ముగిసిన కొన్ని వారాలకు క్రియాటినిన్ 0.9 వచ్చింది, చూడటానికి పూర్తిగా కోలుకున్నట్టే. కానీ అప్పటికి బరువు 49 కిలోలు, తొడల కండ కరిగిపోయింది. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చేది, కండ తగ్గితే కిడ్నీ బాగుపడకపోయినా అది తగ్గుతుంది. మూలికలు ఇస్తూ క్రియాటినిన్ మాత్రమే చూసుకునే కుటుంబం ఇలాంటి అంకెను మూలికల ఘనతగా లెక్కవేసే అవకాశం ఉంది. కండపై అంతగా ఆధారపడకుండా కిడ్నీ వడపోతను చెప్పే మరో రక్తపరీక్ష సిస్టాటిన్-సి. స్టెరాయిడ్లు దాని విలువను పెంచుతాయి కనుక డెక్సామెథసోన్ ప్రభావం పూర్తిగా పోయేదాకా ఆగి ఆ పరీక్ష చేయించాం. క్రియాటినిన్‌తో లెక్కేస్తే కిడ్నీ వడపోత 100కు దగ్గరగా ఉంది, సిస్టాటిన్-సితో లెక్కేస్తే 56. సన్నబడ్డ మనిషిలో నేను నమ్మేది రెండోదాన్నే. ఇకపై రాసే మందుల మోతాదులు, కాంట్రాస్ట్ స్కానింగుకు ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు ఆ అంకె ప్రకారమే ఉండాలని ఆయన రికార్డు మొదటి పేజీలో రాశాం. మెగ్నీషియం మాత్రలు ఇంకా వాడుతున్నారు, ఆపి చూసిన ప్రతిసారీ స్థాయి పడిపోతోంది. మూడు నెలలకొకసారి సిస్టాటిన్-సి, మెగ్నీషియం, మూత్రంలో ప్రోటీను చూస్తున్నాం.